అంగిరసం అద్భుతమా, భయానకమా?

ఎక్కడైనా కొత్త థీమ్ పార్కు తెరిచారనగానే పత్రికలు మొదట చెప్పేది అందులోని రోలర్ కోస్టర్ ఎంత ఎత్తు, ఎంత వేగం, మనిషిని ఎన్నిసార్లు తలక్రిందులు చేస్తుంది అన్న లెక్కలే. మూడేళ్ళ మనుమరాలూ, అరవై దాటిన అమ్మమ్మా పక్కపక్కన కూర్చుని అక్కడ ఏమేమి ఎక్కగలరని అడిగేవారు అరుదు. నా మట్టుకు నాకు ఈ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. అటువంటి పార్కు ఎంత బాగా కట్టారో తేల్చేది మొదటి లెక్క కాదు, రెండోదానికి వచ్చే జవాబు.

ఉదాహరణకు దూరపు ఊరిదే తీసుకుంటాను. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఓర్లాండో నగరంలో యూనివర్సల్ సంస్థ 2025 మే 22న ‘ఎపిక్ యూనివర్స్’ అనే పార్కును తెరిచింది. దూరమన్నాను గానీ, మనవాళ్ళకు అది మరీ దూరమేమీ కాదు. అక్కడ ఉద్యోగాలలో స్థిరపడిన పిల్లలు, ఇక్కడినుండి వచ్చిన తల్లిదండ్రులను పూర్వం కాశీ రామేశ్వరాలకు తీసుకుపోయినట్లు ఇప్పుడు నయాగరాకూ ఓర్లాండోకూ తీసుకుపోతున్నారు. ఆరు నెలల వీసా మీద వచ్చిన తాతగారు, బడిసెలవులలో ఉన్న మనుమలు, సెలవు దొరకని అల్లుడు, అందరూ ఎలాగో ఒక రోజు కుదుర్చుకుని వెళ్ళే చోటు అది. బహుశా ఆ కుటుంబానికి అటువంటి రోజు మళ్ళీ రాదు. కాబట్టి ఆ రోజు ఎలా గడిచిందన్నది చిన్న విషయం కాదు.

ఎపిక్ యూనివర్స్‌లో అయిదు ‘లోకాలు’న్నాయి. మధ్యలో తోటలూ నీటి చిమ్ముళ్ళూ ఉన్న సెలెస్టియల్ పార్కు. దానినుండి దారులు తీసిన మారియో లోకం, హారీ పోటర్ లోకం, డ్రాగన్ల దీవి, పాత సినిమాలలోని భూతాల లోకం. మొత్తం ఎక్కదగిన రైడ్లు పదకొండు. వాటి ఎత్తు నిబంధనలను ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. స్టార్‌డస్ట్ రేసర్స్ అనే జంట కోస్టరు, భూతాల లోకంలోని ఫ్రాంకెన్‌స్టైన్ రైడు, డ్రాగన్ రేసర్స్ ర్యాలీ, ఈ మూడూ ఎక్కాలంటే 48 అంగుళాలు, అంటే సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తుండాలి. అయిదింటికి 40 అంగుళాలు, అంటే దాదాపు 102 సెంటీమీటర్లు కావాలి. యోషీ అనే మెల్లని బండికి 34 అంగుళాలు చాలు. కనీసపు ఎత్తు లేనివి రెండే రెండు: ఒక రంగులరాట్నం, నీళ్ళు చిమ్ముకునే ఒక పడవ. వాటిలోనూ చిన్నపిల్లల వెంట పెద్దవారు ఉండాలి.

ఈ అంగుళాలను వయస్సులోకి మార్చుకుందాం. సగటు బిడ్డ 34 అంగుళాలకు వచ్చేది రెండేళ్ళ ప్రాంతంలో. 40కి నాలుగేళ్ళ ప్రాంతంలో. 48కి ఏడేళ్ళ ప్రాంతంలో. అనగా మూడేళ్ళ బిడ్డకు ఆ మహానగరంలో పదకొండింట దక్కేవి మూడు. ఇది క్రిందినుండి వేసిన గీత. పైనుండి మరొక గీత ఉంది. గుండెజబ్బు, మెడనొప్పి, నడుమునొప్పి ఉన్నవారూ, గర్భిణులూ ఎక్కరాదని జోరుగా కుదిపే రైడ్లన్నింటి ముందూ పలక ఉంటుంది. మన అరవై ఏళ్ళవారిలో మోకాలు, నడుము, రక్తపోటు, ఈ మూడింటిలో ఏదో ఒకటైనా లేనివారిని వేలిమీద లెక్కించవచ్చు. ఈ రెండు గీతల నడుమ మిగిలినవారు లోపలికి వెళతారు. మిగలనివారు, అంటే అమ్మమ్మా మనుమరాలూ, సంచులూ నీళ్ళసీసాలూ కాపలా కాస్తూ బయట బల్లమీద కూర్చుంటారు. ‘మీరు చూస్తూండండి, అరగంటలో వచ్చేస్తాం’ అని వెళ్ళినవారు గంటన్నరకు వస్తారు. ఏ దేశపు పార్కులోనైనా కనిపించే దృశ్యమే ఇది.

పార్కులవారు దీనిని ఎరుగనివారు కాదు. పసిబిడ్డ ఉన్న దంపతులలో ఒకరు బిడ్డను పట్టుకుని ఉండగా మరొకరు ఎక్కి, ఆ తరువాత రెండోసారి వరుసలో నిలబడనక్కరలేకుండా స్థానాలు మార్చుకునే ఏర్పాటు చేశారు. మంచి ఏర్పాటే. కానీ ఆలోచించి చూడండి: అది కుటుంబాన్ని కలిపే ఏర్పాటు కాదు, క్రమపద్ధతిలో విడదీసే ఏర్పాటు. మొగుడు ఒక బండిలో, పెళ్ళాం మరొక బండిలో కేకలు వేసి వచ్చి, ఎవరి అనుభవం వారు చెప్పుకోవాలి.

అలంకారశాస్త్రం చదువుకున్నవాడిని కనుక నాకు ఈ విషయం ఆ భాషలోనే స్పష్టంగా అర్థమవుతుంది. భరతుడు ఎనిమిది రసాలు చెప్పాడు. భయానకానికి స్థాయీభావం భయం, అద్భుతానికి విస్మయం. కావ్యంలో ఎన్ని రసాలున్నా ఒకటి ప్రధానం, అదే అంగిరసం. తక్కినవి దానికి అంగాలు. ఏది అంగి, ఏది అంగమన్న వివేకం లేని కవి ఎన్ని రసాలు గుప్పించినా కావ్యం నిలబడదు. థీమ్ పార్కుకు అంగిరసం అద్భుతమని నా సిద్ధాంతం. కోట గుమ్మం చూసి నోరు తెరవడానికి ఎత్తు కొలత అక్కరలేదు. మూడేళ్ళవారూ తెరుస్తారు, ముప్పై ఏళ్ళవారూ తెరుస్తారు. భయానకం దానికి పక్కన నిలిచి పదును పెట్టాలి గాని, దానిని త్రోసి కూర్చోరాదు. నాటకం ముగిసే నిర్వహణసంధిలో అద్భుతం ఉండాలని లాక్షణికులు చెప్పింది ఊరికే కాదు. ప్రేక్షకుడు ఇంటికి మోసుకుపోయేది దానినే.

వినోదోద్యానాల చరిత్ర కూడా ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది. వాల్ట్ డిస్నీ తన కుమార్తెలు లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కుతూ ఉంటే తాను బల్లమీద కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఎందుకు ఉండరాదని అనుకున్నాననీ, డిస్నీలాండ్ ఊహ అలా పుట్టిందనీ తానే చెప్పుకున్నాడు. అది 1955 జూలై 17న తెరుచుకుంది. అంటే ఈ వ్యవహారానికంతటికీ మూలం బల్లమీద కూర్చున్న ఒక తండ్రి విసుగు. డెబ్బై ఏళ్ళ తరువాత ఆ బల్లమీదికి అమ్మమ్మను ఎక్కించి కూర్చోబెట్టడం మూలానికే విరుద్ధం.

ఆ డిస్నీ సంస్థే ఈ పాఠం ఒకసారి మరచి దెబ్బతింది. 2001 ఫిబ్రవరిలో డిస్నీలాండ్ ఎదుటనే ‘కాలిఫోర్నియా అడ్వెంచర్’ అనే కొత్త పార్కు తెరిస్తే, చిన్నపిల్లలకు ఏమీ లేదన్నది దానిమీద వచ్చిన విమర్శలలో ఒకటి. మరుసటి ఏడే, 2002లో, పురుగుల లోకం పేరిట పసివాళ్ళ రైడ్లు తెచ్చి అతికించవలసి వచ్చింది. ఆ పార్కును సరిదిద్దే పని 2012 దాకా సాగింది. ఇల్లు కట్టేటప్పుడు మరచిన గదిని తరువాత చేర్చాలంటే గోడలు పగలగొట్టాలి గదా!

దీనికి ఎదురువాదం లేకపోలేదు. దానిని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. 1992 ఏప్రిల్‌లో తెరిచిన పారిస్ డిస్నీలాండ్ అప్పులలో కూరుకుపోయింది. 1995లో అక్కడ తలక్రిందులు చేసే స్పేస్ మౌంటెన్ కోస్టరు తెచ్చారు. ఆ ఏడే మొదటిసారి లాభం చూశారు. టిక్కెట్టు ధర తగ్గించడమూ, అప్పులు సవరించుకోవడమూ కూడా అందుకు తోడ్పడ్డాయనుకోండి. అయినా యువతరానికి ఆకర్షణ లేని పార్కు నడవదన్న మాట నిజమే. పదహారేళ్ళ కుర్రవాడిని రంగులరాట్నం ఎక్కమంటే వాడు మళ్ళీ మనతో రాడు. వాడూ కుటుంబంలోని వాడే. వాడి ఉత్సాహం చల్లార్చి ‘కుటుంబవినోదం’ అని పేరు పెట్టుకోవడమూ అసమతౌల్యమే.

మరి సమతౌల్యమంటే ఏమిటి? సగం చిన్నవి, సగం పెద్దవి అని లెక్క సరిపెట్టడం కాదు. బడిపంతులు పద్ధతిలో చెప్పాలంటే అది మెట్ల వరుస. అక్షరాలు దిద్దినవాడికి గుణింతాలు, గుణింతాలు వచ్చినవాడికి ఒత్తులు, ఆపైన చిన్న చిన్న పద్యాలు, చాలా దూరం నడిచాక ప్రబంధం. అక్షరాల తరువాత ఏకంగా వసుచరిత్ర చేతికిస్తే పిల్లవాడు బడి మానేస్తాడు. పదేళ్ళదాకా అక్షరాలే దిద్దిస్తే కూడా మానేస్తాడు. కొత్త పార్కులలో తరచు లోపించేది ఈ నడిమి మెట్టు. పసివాళ్ళ రాట్నం ఒక కొసన, గుండెలు జారే కోస్టరు మరొక కొసన, నడుమ శూన్యం. ఓర్లాండోలోనే డిస్నీవారి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2014లో తెరిచిన ‘సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్’ అటువంటి నడిమి మెట్టు. ఎత్తు 38 అంగుళాలు చాలు. పెట్టెలు ఊయలలా అటూ ఇటూ ఊగుతాయి. కొంచెం జారుడు, కొంచెం చీకటి, నడుమ పాటలూ బొమ్మలూ. నాలుగేళ్ళవాడికి అది మొదటి సాహసం, పదహారేళ్ళవాడికి అది తమ్ముడితో కలిసి నవ్వే అవకాశం.

ఈ దృష్టితో చూస్తే ఎపిక్ యూనివర్స్‌కు నడిమి మెట్లు ఉన్నాయనే చెప్పాలి. 40 అంగుళాల రైడ్లు అయిదున్నాయని ముందే చెప్పాను. డ్రాగన్ల దీవిలోని వింగ్ గ్లైడర్స్ కోస్టరు వాటిలో ఒకటి. గంటకు 72 కిలోమీటర్ల దాకా వేగమున్నా తలక్రిందులు చేయదు. దాని లోపం మొదటి మెట్టు దగ్గర. నేలకూ మొదటి మెట్టుకూ మధ్య ఎత్తు ఎక్కువ. పసివాళ్ళూ వృద్ధులూ కలిసి కూర్చుని ఒక కథలోగుండా మెల్లగా సాగిపోయే రైడ్లు ఇంకో రెండు మూడు ఉంటే ఆ లోటు తీరేది. పసిబిడ్డా, అవ్వా ఏ ఇంటిలోనైనా సహజమైన జంట. కథ చెప్పేది ఒకరు, వినేది ఒకరు. ఆ ఇద్దరినీ మిగిలిపోయినవారుగా కాక, అసలైన అతిథులుగా భావించి వారికోసం రైడు కట్టడానికి పెద్ద యంత్రశాస్త్రం అక్కరలేదు, ఉద్దేశం ఉంటే చాలు.

అదే పార్కు మరొక సంగతి చక్కగా చేసింది. స్టార్‌డస్ట్ రేసర్స్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, 40 మీటర్ల ఎత్తున పరుగెత్తే రెండు బళ్ళ పందెం. ఒకచోట ఆ రెండూ ఒకదానినొకటి పెనవేసుకున్నట్లు తిరుగుతాయి. అది ఎక్కినవారికంటే క్రింద నిలబడినవారికి బాగా కనిపిస్తుంది. మన తిరునాళ్ళలో మృత్యుబావిని జ్ఞాపకం చేసుకోండి. బావి గోడమీద మోటారుసైకిలు నడిపేవాడు ఒక్కడు. చుట్టూ పైన నిలబడి గుండె చిక్కబట్టుకుని చూసేవారు వందమంది, వారిలో ముసలమ్మలూ ఉంటారు, తండ్రి భుజాలమీది పిల్లలూ ఉంటారు. భయం వాడిది, భయానకరసం మనది. ఎక్కనివారికి కూడా రసం పంచిపెట్టే భయంకర రైడు కుటుంబానికి శత్రువు కాదు. గోడల వెనుక దాచిపెట్టి, బయట బల్ల మాత్రం మిగిల్చేదే శత్రువు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఆ స్టార్‌డస్ట్ రేసర్స్ ఎక్కిన ఒక సందర్శకుడు 2025 సెప్టెంబరు 17న మరణించాడు. కొంతకాలం మూసివేసి అక్టోబరులో దానిని మళ్ళీ తెరిచారు. కారణాల చర్చ నాకు తగదు. కానీ భయం రసంగా మారాలంటే, నాకేమీ కాదన్న నమ్మకం అడుగున ఉండాలి. ఆ నమ్మకం సడలితే మిగిలేది వట్టి భయమే. ఒకే పార్కు తన పేరునంతా ఒకే రైడు మీద నిలబెట్టుకుంటే, ఆ ఒక్కటి మూతపడిన రోజు చూపడానికి ఏముంటుంది? సమతౌల్యం దయాగుణం మాత్రమే కాదు, వ్యాపారవివేకం కూడా.

మరొక మార్గం కూడా ఇప్పుడు ప్రచారంలో ఉంది: వయస్సుల వారీగా పార్కులనే వేరు చేయడం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో చిన్నపిల్లలున్న కుటుంబాలకోసమే ఒక పార్కు కట్టనున్నట్లు యూనివర్సల్ సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. మన తెలుగువారు వేలాదిగా ఉన్న ఊరు గనుక చాలామంది సంతోషించారు. సంతోషించవలసినదే. కానీ అది సమస్యకు పరిష్కారం కాదు. పన్నెండేళ్ళ అక్కకూ మూడేళ్ళ తమ్ముడికీ వేరువేరు ఊళ్ళలో వేరువేరు పార్కులు ఉంటే, ఆ తల్లిదండ్రులు ఏ ఊరికి పోవాలి?

మన దేశంలోనూ ఈ పార్కులు పెరుగుతున్నాయి. హైదరాబాదు శివారున రావిర్యాల దగ్గర వండర్‌లా 2016లో వచ్చింది. అదే సంస్థ 2025 డిసెంబరులో చెన్నై దగ్గర మరొకటి తెరిచింది. ఇంకా వస్తాయి. మనవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా వెళ్ళరు. పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా వ్యాను మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని బయలుదేరుతారు. అటువంటి చోట ఈ వివేకం మరింత అవసరం. కట్టబోయేవారికి నేను చెప్పేది ఒకటే. మీ అన్నిటికన్నా ఎత్తయిన కోస్టరు బొమ్మ గీసే ముందు, మూడు తరాలవారు ఒకే వరుసలో కూర్చునే ఒక బండి బొమ్మ గీయండి. అది సిద్ధమయ్యాక, ఆకాశమంత ఎత్తు కట్టుకోండి. మేము క్రింద నిలబడి చప్పట్లు కొడతాం.