రెంటికీ చెడ్డ రేవడి పరుగు

ఈమధ్య మన సాఫ్ట్‌వేర్ జనాలకి పరుగు పిచ్చి పట్టింది. సంతోషం. రోజుకి పది గంటలు కుర్చీకి అతుక్కుపోయేవాళ్ళు పొద్దున్నే లేచి కేబీఆర్ పార్కు చుట్టూనో, గచ్చిబౌలి రోడ్ల మీదో పరిగెడుతుంటే ఎవరికి మాత్రం బాధ? నా బాధల్లా వాళ్ళు పరిగెత్తే పద్ధతి గురించే. సోమవారం కిలోమీటరుకి ఆరు నిమిషాలు. బుధవారం ఆరు నిమిషాలు. శుక్రవారం ఆరు నిమిషాలు. ఆదివారం పద్దెనిమిది కిలోమీటర్లూ అదే ఆరు నిమిషాలు! రోజూ రొప్పుకుంటూ రావడం, స్ట్రావాలో ఎక్కించడం, వాట్సప్ గ్రూపులో నాలుగు చప్పట్లు కొట్టించుకోవడం, ఆఫీసుకి పోవడం. దీన్ని మారథాన్ ట్రైనింగ్ అంటారట.

కాదండీ. దీన్ని రెంటికీ చెడ్డ రేవడి అంటారు.

ఎందుకో చెప్తాను. మెల్లగా పరిగెత్తినప్పుడు శరీరంలో కొన్ని పనులు జరుగుతాయి. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. వీటికి కావలసింది వేగం కాదు, గంటలు. బాగా గట్టిగా పరిగెత్తినప్పుడు వేరే పని జరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం, మనం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ పెరుగుతాయి. మరి మధ్యలో ఉండే 'కాస్త కష్టం' వేగం? అలసట మాత్రం దాదాపు గట్టి పరుగంత ఇస్తుంది. దాంతో గట్టిగా పరిగెత్తాల్సిన రోజున కాళ్ళు లేవవు, మెల్లగా పోవాల్సిన రోజున మనసొప్పదు. వారమంతా ఒకటే గేరు.

ప్రొడక్షన్ సర్వర్ మీద రోజూ లోడ్ టెస్ట్ పెడతామా? పెడితే మేనేజరు ఊరుకుంటాడా? మరి ఒంటి మీద ఎందుకు పెడుతున్నట్టు?

ఇదంతా నా సొంత పైత్యం అనుకునేరు. కాదు. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే అమెరికన్ పరిశోధకుడు అక్కడి జూనియర్ స్కీయర్ల ట్రైనింగుని లెక్కగట్టి 2006లో ఒక పేపరు రాశాడు. నాలుగింట మూడు వంతుల సెషన్లు బాగా తేలిక. 15 నుంచి 20 శాతం బాగా కఠినం. మన వాళ్ళు నివాసం ఏర్పరుచుకున్న ఆ మధ్య జోన్‌లో పది శాతం కూడా లేదు. రోయింగ్, సైక్లింగ్, పరుగు ఏది తీసుకున్నా పైస్థాయి వాళ్ళలో ఇంచుమించు ఇదే కనిపిస్తుంది. ఇప్పుడందరూ జపించే 80/20 మంత్రం ఇక్కణ్ణుంచి వచ్చిందే. అన్నట్టు, ఆ 80 సెషన్ల లెక్క, నిమిషాల లెక్క కాదు. నిమిషాల్లో చూస్తే తేలిక వాటా ఇంకా పెరుగుతుంది.

అంతకు చాలా ముందే న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఈ సంగతి పట్టుకున్నాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు గెలిచాడు. రెండు నిమిషాల్లోపు అయిపోయే పందెం అది! దానికోసం ఆయన స్నెల్ చేత నెలల తరబడి వారానికి వంద మైళ్ళు, ఊపిరి అందే వేగంలో, పరిగెత్తించాడు. వేగం పనులు ఆ తర్వాతే.

ఇక్కడ ఎవరో ఒకరు లేస్తారు. "వాళ్ళకి వారానికి ఇరవై గంటలు దొరుకుతాయి బాసూ, మనకి నాలుగు. ఆ నాలుగూ నత్తనడక నడిస్తే ఏం బావుకుంటాం?" న్యాయమైన ప్రశ్నే. వారానికి రెండు మూడు సార్లే పరిగెత్తేవాళ్ళకి ఈ నిష్పత్తుల గొడవ అంత అక్కర్లేదు, మధ్యలో కోలుకునే రోజులు బోలెడు. కానీ మారథాన్ అంటూ వారానికి ఐదు రోజులు రోడ్డెక్కేవాళ్ళ మాటేమిటి? స్పెయిన్‌లో మనలాంటి మామూలు రన్నర్లని రెండు గుంపులు చేసి పది వారాలు చూసి, 2014లో ఫలితాలు అచ్చువేశారు. ఒక గుంపుకి తేలిక ఎక్కువ, ఇంకో గుంపుకి మధ్య వేగం ఎక్కువ. ఇద్దరి 10 కిలోమీటర్ల టైమూ మెరుగైంది: మొదటివాళ్ళది సగటున 5 శాతం, రెండోవాళ్ళది 3.6 శాతం. ఆ తేడా గణాంకాల్లో గట్టిగా నిలబడేంత పెద్దది కాదు, నిజమే. కానీ మెల్లగా పోయినవాళ్ళు ఏమీ నష్టపోలేదు కదా! తక్కువ కష్టానికి అంతే ఫలితం వస్తుంటే ఎక్కువ కష్టం ఎందుకు పడాలో ఇంజనీరన్నవాడు ఎవడైనా చెప్పాలి.

ఇంకొకాయన నార్వే జాకబ్ ఇంగెబ్రిట్సెన్ పేరెత్తుతాడు. ఆయన మధ్య వేగంలోనే బోలెడు చేస్తాడు కదా అని. చేస్తాడు. చెవి నుంచో వేలి నుంచో రక్తపు చుక్క తీసి లాక్టేట్ కొలుచుకుంటూ, గీత దాటకుండా చేస్తాడు. ఒకే రోజు పొద్దున, సాయంత్రం రెండుసార్లు చేసి మిగతా రోజులు తేలిగ్గా ఉంచుకుంటాడు. ఆయన కష్టానికి కొలత ఉంది. మన కష్టానికి కొలత గ్రూపులో పక్కవాడి టైము.

అసలు జబ్బు అక్కడుంది. ఆఫీసులో రాత్రి పదకొండుకి మెయిల్ పెట్టేవాడే కష్టజీవి. అదే బుద్ధిని రోడ్డు మీదకీ తెచ్చాం. చెమట కారకపోతే పని చేసినట్టు కాదు, మెల్లగా పోతే పరువు తక్కువ. కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకునే నలభై ఐదేళ్ళాయన్ని పట్టుకుని "అన్నా, ఇది వాకింగా రన్నింగా?" అని ఒకడు జోకేస్తాడు. మర్నాటి నుంచి ఆయన తన శక్తికి మించి పరిగెడతాడు. ఆర్నెల్లకి మోకాలో పిక్కో పట్టేసి మానేస్తాడు. ఇంట్లో సుగరు, బీపీ చరిత్ర ఉన్న మనిషి, జీవితాంతం పరిగెత్తాల్సినవాడు, ఒక వెధవ జోకు వల్ల మళ్ళీ కుర్చీలో కూలబడతాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. నేను నిలబడమనట్లేదు, మెల్లగా పరిగెత్తమంటున్నానంతే. ఐదు రోజుల్లో నాలుగు రోజులు ఎంత మెల్లగా అంటే, పక్కవాడికి నిన్న చూసిన సినిమా కథ ఆగకుండా చెప్పగలగాలి. మాట ముక్కలవుతోందంటే వేగం తగ్గించండి, అవసరమైతే నడవండి. వాచీ జోన్లని గుడ్డిగా నమ్మకండి. 220 లోంచి వయసు తీసేసే లెక్క సగటు మనిషిది, ఒక్కొక్కరికి పది పన్నెండు బీట్లు అటూ ఇటూ అవడం మామూలే. హైదరాబాద్ మే నెల ఉక్కలో అదే వేగానికి గుండె ఇంకాస్త ఎక్కువ కొట్టుకుంటుంది, అప్పుడు వేగాన్ని కాదు ఊపిరిని చూసుకోండి.

ఐదో రోజు మాత్రం మొహమాటం వద్దు. బాగా వార్మప్ చేసి, నాలుగు నిమిషాలు చొప్పున నాలుగుసార్లు, మధ్యలో మూడేసి నిమిషాల జాగింగుతో, ఒక్క ముక్క కూడా మాట్లాడలేనంత గట్టిగా పరిగెత్తండి. రాత్రంతా రిలీజ్ కాల్‌లో ఉంటే ఆ పూటకి అది మానేయండి. నిద్ర లేకపోవడం కూడా లోడే.

గ్రూపులు నడిపే మహానుభావులకి ఒక్క మనవి. వచ్చే ఆదివారం మీరు అందరికంటే వెనక పరిగెత్తండి, ఆ ఎనిమిదిన్నర నిమిషాల ఆయన పక్కన, కబుర్లు చెప్పుకుంటూ. పరువేమైనా పోయిందేమో తర్వాత చూద్దాం. ఏమంటారు?