మా గదిలో మిగతా పన్నెండు మంది

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మనవాళ్ల రాతల నిండా చలిమంటలే. గొంగడి, బొంత, కుంపటి, అమ్మ చేతి సజ్జరొట్టె. చదవడానికి నాకూ ఇష్టమే. కానీ చివరికొచ్చేసరికి అన్నీ ఒకే మలుపు తిరుగుతాయి. "ఆ చలే మమ్మల్ని గట్టిపరిచింది, ఇప్పటి పిల్లలకు అన్నీ ఉన్నా తట్టుకునే శక్తి లేదు." పోయిన వారం ఒక సభలో మన పెద్దాయనే, గెజిటెడ్ ఉద్యోగం చేసి రిటైరైనాయన, హాస్టల్ పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకొని ఇదే మాట అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకైతే చలికి చేతులు రుద్దుకుంటున్నట్టే అనిపించింది.

ఈ వారం ఆ మాట గురించే రాస్తున్నా.

ముందు నా చలికాలం చెప్పాలి, లేకపోతే నీకేం తెలుసంటారు. మాది జహీరాబాద్ వైపు. చలి లెక్కలు చెప్పేటప్పుడు వార్తల్లో కోహీర్, న్యాల్‌కల్ పేర్లు వింటుంటారు గదా, ఆ పక్కనే. మాకు చలికాలమంటే చెరుకు కొట్టే కాలం. కోడి కూయకముందే అమ్మా నాయినా పనికి పోయేది. చలికి మొద్దుబారిన చేతిని చెరుకు ఆకు కోస్తే అప్పుడు తెల్వదు, పొద్దెక్కినంక మండుతది. ఇంట్ల మేం నలుగురు పిల్లలం ఒక్క బొంత కింద. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి అమ్మ కుట్టిన బొంత అది. అందులో అమ్మ కట్టినవి రెండే. మిగిలినవి పటేలింట్ల చాకిరీకి ఇచ్చినవి. "సలి వెడ్తుంది బిడ్డ, మొకం మీదికి గుంజుకో" అనుకుంట పోయేది.

చలిమంటల గురించి రాసేవాళ్లు ఒక సంగతి రాయరు. మంటకూ కులం ఉంటది. పటేలు వాకిట్ల మంట వేసేది మా నాయిన. కట్టెలు తెచ్చేది, ఊదేది, ఆరిపోకుండా చూసేది ఆయనే. చుట్టూ కూర్చునేది వేరేవాళ్లు. నాయినకు దూరం నుంచి వచ్చినంత వేడి. మా వాడలో మా మంట మాకు వేరే. అందుకే "ఊరంతా ఒక్క మంట చుట్టూ" అని ఎవరైనా రాస్తే, ఏ ఊరన్నా అది, నేనూ వస్తా అనాలనిపిస్తుంది.

తెలుగు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఇదొకటి. మన ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. అక్కడ చలి ఎక్కువగా నాయికానాయకులు దగ్గరవడానికి ఒక సాకు. కప్పుకోవడానికి లేనివాడి చలి కోసం నేను హిందీ వాచకం దాకా పోవాల్సొచ్చింది. ప్రేమ్‌చంద్ 'పూస్ కీ రాత్'లో హల్కూ కంబళి కోసం కూడబెట్టుకున్న మూడు రూపాయలూ అప్పులవాడి చేతిలో పోస్తాడు. కుక్కను కౌగిలించుకొని పొలంలో రాత్రి గడుపుతాడు. తెల్లారేసరికి పంట పశువుల పాలు. పెళ్లాం దిగులుపడుతుంటే అతను మాత్రం, ఇక చలిలో కాపలా పండుకునే పని లేదని సంతోషపడతాడు. చదువు మానేసి రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని ఇంటికి పోయే పిల్లగాని ముఖంలో ఆ సంతోషాన్ని నేను చూశాను.

ఆరో తరగతిలో నన్ను సోషల్ వెల్ఫేర్ హాస్టల్‌లో వేశారు. కింద షాబాదు బండలు. ఎండకాలం స్వర్గం, చలికాలం మంచుగడ్డ. మనిషికో జంపుఖానా, ఒక పల్చటి చద్దరు. మేం ఇద్దరిద్దరం జతకట్టేది. ఒకడి జంపుఖానా కింద, ఇంకోడిది మీద, దాని మీద రెండు చద్దర్లు. ఒకనికి గజ్జి వస్తే రెండోవానికి రాక తప్పదు, వారంలో గదంతా గోకుడే. కిటికీకి రెక్క లేకపోతే అట్టముక్క పెట్టేది. పొద్దున ఐదింటికి స్టడీ అవర్. దానికి ముందు హౌజులో నీళ్లతో స్నానం. కామాటన్న మంచోడు, అన్నం వండిన పొయ్యి మీద ఒక బగోన నీళ్లు పెట్టేటోడు. అరవై మందికి ఒక్క బగోన! చెంబుడు చేతికి దొరికితే ముఖానికి, లేకపోతే లేదు. చిన్నపిల్లలు తల తడుపుకొని స్నానమైందనేది.

అసలు చలి అక్కడ లేదు, బడిలో ఉండేది. స్నానం చేయకుండా వచ్చిన పిల్లల్ని ఒక సారు వాసన చూసినట్టు ముక్కు ముడిచి "హాస్టలోళ్లంతా వెనక బెంచీ" అనేవాడు. హాస్టలోళ్లంటే ఎవరో క్లాసంతటికీ తెలుసు. కులం పేరెత్తకుండా కులం చెప్పే మాట అది. వేణ్నీళ్లు లేకపోవడం సర్కారు లెక్కల్లో నిధుల సమస్య. ఆ క్లాసులో అది మా పుట్టుక సమస్య అయింది.

మా గదిలో పద్నాలుగు మందిమి. పదో తరగతి పాసైంది ఐదుగురం. డిగ్రీ దాటింది ఇద్దరం. ఇప్పుడు చెప్పండి, చలి ఎవరిని గట్టిపరిచింది? గట్టిపరిచిందని చెప్పడానికి మిగిలిన ఇద్దరినే సభలకు పిలుస్తారు, శాలువా కప్పుతారు. మిగతా పన్నెండు మందిని ఎవరూ పిలవరు. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ చెరుకు కొట్టడానికే పోతున్నాడు. నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. ఎక్కాలు అప్పజెప్పడంలో వాణ్ని కొట్టినోడు లేడు. ఆయన్ను వేదిక మీదికి పిలిచి, చలి నిన్ను గట్టిపరిచిందా అని అడిగే ధైర్యం మన పెద్దలకుందా?

కష్టం గురించి రాయొద్దని కాదు నేననేది. మన సాహిత్యమే ఆ జ్ఞాపకం మీద నిలబడింది. జాషువా 'గబ్బిలం' నుంచి నిన్నటి ఆత్మకథల దాకా, మన బతుకు మనమే రాసుకోకపోతే ఎవరు రాసేవాళ్లు? కానీ చేసినోణ్ని నిలదీయడానికి చెప్పే జ్ఞాపకం వేరు, పిల్లల నోరు మూయించడానికి చెప్పేది వేరు. రెండోదాంట్లో హౌజు నీళ్లకు జవాబుదారీ ఎవరో మాయమైపోతాడు. అధికారికి అంతకన్నా హాయైన ఉపన్యాసం ఇంకొకటి ఉండదు. అందుకే అలాంటి సభల్లో అధికారులు ముందు వరుసలో కూర్చొని తలూపుతారు.

ఇప్పటి పిల్లలకు అన్నీ ఉన్నాయంటున్నారు. ఏమున్నాయో చూద్దాం. 2024 చివర్లో తెలంగాణలో హాస్టల్ మెస్ చార్జీలు 40 శాతం పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. సంతోషం. అంటే రోజుకు 70 రూపాయలు, మూడు పూటలకు. చదువు ఫీజు సంగతి మీకే బాగా తెలుసు. ఈపాస్‌లో దరఖాస్తు, కాలేజీ వెరిఫికేషన్, జిల్లా సంక్షేమ కార్యాలయంలో మంజూరు, ట్రెజరీకి బిల్లు, ఒక టోకెన్ నంబరు. అక్కడ ఆగిపోతది. మంజూరైంది అంటారు, డబ్బు రాదు. ఆర్‌టీఎఫ్ రాలేదని ప్రైవేటు కాలేజీ టీసీ, మెమోలు ఆపుతుంది. మెమో లేక పీజీ సీటు పోతది, వచ్చిన ఉద్యోగం పోతది. ఇచ్చేది సర్కారు, అడిగేది కాలేజీ, తాకట్టులో ఉన్నది మాత్రం పిల్లల సర్టిఫికెట్లు. హల్కూ మూడు రూపాయలు గుర్తొస్తున్నాయా?

చేతిలో ఫోన్ ఉంది గదా అంటారు. ఉంది. ఓటీపీ దాంట్లోనే వస్తది, హాల్‌టికెట్ దాంట్లోనే. రాత్రి పదకొండుకు ఎవరింటికి బిర్యానీ మోయాలో కూడా దాంట్లోనే వస్తది. మా డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ పిల్లవాడు ఒకడు, రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకొని అర్ధరాత్రి దాకా బండి నడిపి, పొద్దున నా క్లాసులో నిద్రపోతాడు. నేను లేపను. నిరుడు డిసెంబర్లో ఒక అమ్మాయి చెప్పకుండా మానేసింది. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "పీజు కట్టుమన్నరట సారు, యాడికెల్లి తేవాలె" అన్నది. ఆ అమ్మాయికి తట్టుకునే శక్తి తక్కువా? ఏడాదిన్నర తట్టుకుంది. ఇంకెంత కాలం తట్టుకోవాలో చెప్పే లెక్క ఎక్కడైనా ఉందా?

లండన్‌లో అర్ధాకలితో చదివిన అంబేడ్కర్‌ను చూపించి పిల్లల్ని మందలించడం మనకు అలవాటు. ఆ కథను సగంలో ఆపేస్తారు. బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో ఆయన చదువు కూడా మధ్యలోనే ఆగింది. అంబేడ్కరంతటివాడికే! మళ్లీ లండన్ పోయింది 1920లో. సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో మిగుల్చుకున్నది, షాహూ మహరాజ్ సాయం, స్నేహితుడి దగ్గర అప్పు కలిస్తే అయింది. తర్వాత వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కూర్చున్నప్పుడు, నేను తట్టుకున్నా మీరూ తట్టుకోండి అనలేదాయన. మన పిల్లల చదువుకు సర్కారు డబ్బు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టాడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ దానికి కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాలని 2020 డిసెంబర్లో తీర్మానించారు. ఆ డబ్బు భిక్ష కాదు, ఆ పోరాటపు ఆస్తి.

హైదరాబాద్‌లో చలి ఎక్కువుందని రాయాల్సొస్తే పేపర్లలో తరచుగా కనిపించే పేరు హెచ్‌సీయూ. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు దళిత స్కాలర్లు టెంట్ వేసుకొని, వెలివాడ అని పేరు పెట్టుకొని, రాత్రుళ్లు పడుకున్నది అక్కడే. జనవరి 17న రోహిత్ వెళ్లిపోయేనాటికి అతనికి రావాల్సిన ఫెలోషిప్ ఏడు నెలలది, 1,75,000 రూపాయలు. అప్పుడూ బలహీనుడన్నారు కొందరు. బాకీ ఎవరిదో అడగలేదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి ఎవరైనా వేదిక మీద మా కాలంలో అని మొదలుపెడితే, చప్పట్లు కొట్టే ముందు లేచి నిలబడండి. మీ గదిలో ఎంతమంది ఉండేవాళ్లు సార్, ఎంతమంది మిగిలారు అని మర్యాదగానే అడగండి.

మా జిల్లాలో సోమవారం పదిన్నరకు కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోతున్నాం. దరఖాస్తులో మూడు అడుగుతున్నాం. ట్రెజరీలో ఆగిన టోకెన్ల జాబితా, ఆపిన సర్టిఫికెట్లు ఇప్పించే ఉత్తర్వు, సంక్రాంతి సెలవుల లోపు ప్రతి హాస్టల్‌లో కంబళ్లు, వేణ్నీళ్లు. ఆధార్ జిరాక్స్, ఈపాస్ అప్లికేషన్ నంబరు తెచ్చుకోండి. నంబరు తెల్వనోళ్లు ఆదివారం పొద్దుగూకేలోపు నాకు ఫోన్ చేయండి, కూర్చొని తీద్దాం. జై భీమ్.