రెండో పేరు మారుతుందా? అమెరికాలో తరచూ వినిపించే ప్రశ్న

* ఊహాగానాలు ఎక్కువ.. మార్పులు తక్కువ
* మారిన రెండు సందర్భాల్లో దేశ చరిత్రే మలుపు తిరిగింది

తణుకు: అమెరికా అధ్యక్షుడు మరోసారి పోటీకి సిద్ధమయ్యారంటే చాలు, ఉపాధ్యక్షుడిని మారుస్తారన్న ఊహాగానాలు మొదలవుతాయి. పత్రికలు కొత్త పేర్లు ప్రచురిస్తాయి. శ్వేతసౌధం ఖండిస్తుంది. చాలాసార్లు చివరికి పాత జోడీయే బరిలో నిలుస్తుంది. అలాగని ఈ చర్చను కాలక్షేపంగా కొట్టిపారేయలేం. ఆ దేశ చరిత్రలో తొమ్మిది మంది ఉపాధ్యక్షులు పదవీకాలం మధ్యలోనే అధ్యక్ష పీఠం ఎక్కారు. ఎనిమిదిసార్లు అధ్యక్షుడి మరణం, ఒకసారి రాజీనామా అందుకు కారణం. ఓట్ల లెక్కతో ఎంచుకున్న వ్యక్తి చేతికే దేశం పగ్గాలు వెళ్లవచ్చన్నది ఈ చర్చలోని అసలు విషయం.

మన జిల్లా వాసులకూ ఈ పదవిపై కొంత ఆసక్తి ఏర్పడింది. 2024 జులై 15న డొనాల్డ్ ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జె.డి.వాన్స్‌ను ప్రకటించారు. ఆయన సతీమణి ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు పశ్చిమగోదావరి జిల్లా తణుకు సమీపంలోని వడ్లూరు కావడంతో ఇక్కడి పల్లెల్లోనూ ఆ పేరు మార్మోగింది. ట్రంప్ తొలి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్‌కు మళ్లీ ఆ స్థానం ఎందుకు దక్కలేదో తెలియాలంటే ముందుగా ఆ పదవి తీరు తెలుసుకోవాలి.

తొలగించే అధికారం లేదు

మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి తలచుకుంటే గవర్నర్‌కు సిఫారసు చేసి ఏ మంత్రినైనా తప్పించవచ్చు. అమెరికా అధ్యక్షుడు తన మంత్రులను తొలగించగలరు గానీ ఉపాధ్యక్షుడిని తొలగించలేరు. మన ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు విడిగా ఎన్నుకుంటారు. అక్కడ మాత్రం అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులిద్దరికీ కలిపి ప్రజలు ఒకే ఓటు వేస్తారు. అలా గెలిచిన ఉపాధ్యక్షుడికి నాలుగేళ్ల పదవీకాలం ఉంటుంది. మార్చదలచుకుంటే మళ్లీ ఎన్నికల వేళ పార్టీ సదస్సులో కొత్త పేరును ఆమోదింపజేసుకోవాలి. అలా మార్చినా, జనవరి 20 వరకు పాత ఉపాధ్యక్షుడే పదవిలో ఉంటారు.

పెన్స్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. 2018 నవంబరులో విలేకరుల సమావేశంలోనే ట్రంప్ పెన్స్‌ను నిలబెట్టి, మళ్లీ తనతో పోటీ చేస్తారా అని అడిగారు. అయినా ఊహాగానాలు ఆగలేదు. నిక్కీ హేలీ పేరు బలంగా వినిపించింది. 2019 ఆగస్టులో ఆమె స్వయంగా ఆ వదంతులను ఖండించాల్సి వచ్చింది. చివరికి 2020లో ట్రంప్, పెన్స్ కలిసే పోటీ చేసి ఓడిపోయారు. 2021 జనవరి 6న ఓట్ల లెక్కింపు సభకు అధ్యక్షత వహించిన పెన్స్, ఫలితాన్ని తిరస్కరించాలన్న ట్రంప్ ఒత్తిడికి లొంగలేదు. ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఒకవేళ 2020లో హేలీని అభ్యర్థిగా నిలబెట్టినా, ఆ రోజు ఆ కుర్చీలో ఉండేది పెన్సే.

మార్చిన ఫలితం

1864లో అబ్రహాం లింకన్ రెండోసారి పోటీ చేసినప్పుడు మెయిన్ రాష్ట్రానికి చెందిన ఉపాధ్యక్షుడు హానిబల్ హామ్లిన్ స్థానంలో టెనెసీకి చెందిన ఆండ్రూ జాన్సన్ పేరు వచ్చింది. అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది నాయకుడు, పైగా డెమోక్రాట్ తోడుంటే ఓట్లు కలిసివస్తాయన్నది లెక్క. గెలుపు దక్కింది. ప్రమాణ స్వీకారం చేసిన ఆరు వారాలకే లింకన్ హత్యకు గురయ్యారు. జాన్సన్ అధ్యక్షుడయ్యారు. యుద్ధకాలంలో విముక్త బానిసలకు కేటాయించిన భూములను ఆయన పాత యజమానులకు తిరిగి ఇప్పించారు. 1866 పౌరహక్కుల చట్టాన్ని వీటో చేశారు. కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చాల్సి వచ్చింది. ఒక ఎన్నికలో ఓట్ల కోసం చేసిన మార్పునకు నల్లజాతి రైతు కుటుంబాలు తరాల తరబడి మూల్యం చెల్లించాయి.

1944లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ నాలుగోసారి బరిలోకి దిగేనాటికి ఆయన ఆరోగ్యం క్షీణించింది. ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ భావాలు పార్టీ పెద్దలకు రుచించలేదు. షికాగో సదస్సులో తొలి విడత ఓటింగులో వాలెస్ ముందంజలో నిలిచినా, రెండో విడతలో హ్యారీ ట్రూమన్‌కు అభ్యర్థిత్వం దక్కింది. ఉపాధ్యక్షుడిగా 82 రోజులు పూర్తయ్యేసరికి రూజ్వెల్ట్ కన్నుమూశారు. అణుబాంబు తయారీ వివరాలు ట్రూమన్‌కు పూర్తిగా తెలిసింది అధ్యక్షుడైన తర్వాతే. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిలపై బాంబులు పడింది ఆయన హయాంలోనే.

వెనుకంజ ఎందుకు?

ఆ తర్వాత పదవిలో ఉన్న అధ్యక్షుడు ఉపాధ్యక్షుడిని మార్చి పోటీ చేసింది ఒక్కసారే. 1975 నవంబరులో జెరాల్డ్ ఫోర్డ్ హయాంలో ఉపాధ్యక్షుడు నెల్సన్ రాక్‌ఫెల్లర్ పోటీ నుంచి తప్పుకొన్నారు. రోనాల్డ్ రీగన్ వర్గాన్ని చల్లార్చడమే అందులోని ఉద్దేశం. బాబ్ డోల్‌ను వెంటబెట్టుకుని 1976లో బరిలోకి దిగిన ఫోర్డ్, జిమ్మీ కార్టర్ చేతిలో ఓడిపోయారు. రాక్‌ఫెల్లర్‌ను వదులుకున్నందుకు ఆ తర్వాత చింతించారు.

ఆలోచించి ఆగిపోయినవారు ఎక్కువ. గుండెపోటు నుంచి కోలుకున్న ఐసెన్‌హోవర్ 1956లో నిక్సన్‌కు మంత్రి పదవి తీసుకోవచ్చని సూచించారు. నిక్సన్ కదల్లేదు. 2004 ఎన్నికలకు ముందు డిక్ చెనీ తానే తప్పుకొంటానన్నారు. జార్జి బుష్ కొన్ని వారాలు ఆలోచించి ఆయననే కొనసాగించారు. 2011 చివరలో ఒబామా ప్రచార బృందం జో బైడెన్ స్థానంలో హిల్లరీ క్లింటన్ ఉంటే ఎలా ఉంటుందని గుట్టుగా సర్వే చేయించింది. చెప్పుకోదగిన లాభం కనిపించకపోవడంతో ఆ ఆలోచన విరమించుకున్నారు. ఈ ముగ్గురు అధ్యక్షులూ గెలిచారు.

కారణం స్పష్టమే. ఓటరు ప్రధానంగా మొదటి పేరును చూసి ఓటేస్తాడు. రెండో పేరు మారిస్తే తొలి ఎంపిక తప్పని అధ్యక్షుడే ఒప్పుకున్నట్లవుతుంది. తొలగించిన నేత అనుచరులు దూరమవుతారు. కొత్తగా వచ్చే ఓట్లు ఆ నష్టాన్ని పూడుస్తాయన్న నమ్మకం లేదు.

2024లో కమలా హారిస్‌ను మార్చాలన్న సూచనలూ వినిపించాయి. అయితే జులై 21న పోటీ నుంచి తప్పుకొన్నది అధ్యక్షుడు బైడెనే. వద్దన్న హారిసే అధ్యక్ష అభ్యర్థి అయ్యారు.

అందుకే ఇటువంటి వార్తలు వచ్చినప్పుడు ఎవరి వల్ల ఎన్ని ఓట్లు వస్తాయన్న లెక్కతో ఆగకూడదు. రేపు అధ్యక్షుడు లేని పరిస్థితి వస్తే, ఆ వ్యక్తి దేశాన్ని నడపగలరా అని అడగాలి. 1864లోనూ 1944లోనూ ఓటరు ముందున్న ప్రశ్న అదే. అప్పటి ప్రచారంలో దానికి దక్కిన చోటు తక్కువ.