శతజయంతి నేర్పు పాఠము

మహనీయుల జయంతులకు పటమునకు పూలదండ వేసి, నాలుగు ఉపన్యాసములతో ఋణము తీరినదనుకొనుట మనకు పరిపాటియైనది. 1829 మార్చి 11వ తేదీన బెర్లిన్ నగరమున జరిగిన ఒక సంగీతసభను ఈ సందర్భమున స్మరించుట మేలు.

జర్మన్ సంగీతకర్త జొహాన్ సెబాస్టియన్ బాఖ్ 1750లో మరణించెను. పండితులు ఆయన పేరును మరువలేదు. కాని మత్తయి సువార్త ననుసరించి క్రీస్తు శ్రమలను గానము చేయు ఆయన మహాకృతి మాత్రము జనులకు వినబడక మూలబడెను. దాని వ్రాతప్రతిని మెండెల్సొన్‌కు మాతామహి కానుకగా నొసగెను. ఇరువది యేండ్ల ఆ యువకుడు, గాయకమిత్రుడు డెవ్రియెంట్ తోడ్పాటుతో, సందేహించుచున్న గురువు జెల్టర్‌ను ఒప్పించెను. సుమారు నూటయేబది మంది బృందగాయకులకు, వాద్యకారులకు పలుమారులు అభ్యాసము చేయించెను. సభాభవనము క్రిక్కిరిసెను, చోటు లేక మరలిపోయినవారు పెక్కురు. మార్చి 21న, బాఖ్ జన్మదినమున, మరల ప్రదర్శింపవలసి వచ్చెను.

వారు దానిని కృతికి నూరేండ్ల పండుగ యనుకొనిరి. తొలి ప్రదర్శనము 1727లోనే జరిగెనని పిమ్మటి పరిశోధకులు తేల్చిరి. మెండెల్సొన్ కొన్ని భాగములను తొలగించిన మాటయు నిజమే. లెక్క తప్పినను సంకల్పము తప్పలేదు. కాగితముపై నిద్రించుచున్న కృతి కంఠములలో మేల్కొనెను.

ఉపాధ్యాయులు గమనింపవలసినది ఇదియే. రాబోవు జయంతినాడు కవి పుట్టినతేదీని వల్లె వేయించుటకు మారుగా, ఆయన పద్యములను విద్యార్థులచే ఎలుగెత్తి చదివింపుడు. కవికి అంతకు మించిన పూజ లేదు.