మంచాలు చేసే చేతులు

పెళ్లయింది. ఇల్లు దొరికింది. ఇక మంచం, బీరువా కొనుక్కోవాలి. చేతిలో డబ్బున్నంత మాత్రాన సరిపోదు... ముందు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి! 1943లో బ్రిటన్‌లో కొత్త జంటల పరిస్థితి ఇది. బాంబుదాడుల్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లదీ ఇదే వరస. మొదట 60 యూనిట్లు ఇచ్చేవారు, తర్వాత 30కి తగ్గించారు. మంచానికిన్ని, బల్లకిన్ని, కుర్చీకిన్ని అని లెక్క. మన రేషన్ కార్డులాగే.

కారణం కలప. బ్రిటన్‌కి కావలసిన కలపలో చాలా భాగం ఓడల్లోనే రావాలి. ఆ ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. వచ్చిన కాస్తా సైన్యానికే చాలడంలేదు. మరోపక్క 1940 సెప్టెంబరు నుంచి నెలల తరబడి బాంబులు. ఇళ్లతోపాటే సామానూ బుగ్గి. మంచాలు కావలసినవాళ్లు పెరిగారు, చెక్క మాత్రం లేదు.

దాంతో 1942లో ప్రభుత్వమే ఓ కమిటీ వేసి 'యుటిలిటీ ఫర్నిచర్' నమూనాలు గీయించింది. మొత్తం ముప్ఫై రకాల వరకూ ఉండేవి. వడ్రంగులు అవే చేయాలి, అలాగే చేయాలి. చెక్క మందం, అతుకు తీరు అన్నీ కాగితం మీద ఉంటాయి. నగిషీ కుదరదు. పువ్వులూ తీగలూ చెక్కడమే బతుకైన పనివాడి ఉలికి పనే లేకుండా పోయింది.

అలాగని అది నాసిరకం సరుకేం కాదు. గాడి తొలిచి, అందులో మరో చెక్క కొసను బిగించే గట్టి అతుకులు. కమిటీలోని గోర్డాన్ రస్సెల్ స్వయంగా ఫర్నిచర్ తయారీదారు. సాదాగా, నిజాయతీగా ఉండే పనితనం జనానికి అలవాటు చేయడానికి ఇదే అదను అనుకున్నాడాయన. కడుపు కాలిన నగిషీ పనివాళ్లకి ఆ మాట రుచించి ఉండదు!

మరి మిగిలిన వడ్రంగులు? ఖాళీగా లేరు సరికదా, ఊపిరాడనంత పని. లండన్‌కి దగ్గర్లోని హై వికోంబ్ కుర్చీల ఊరు. చుట్టూ బీచ్ చెట్ల అడవులు. ఆ అడవుల్లోనే కాలితో తొక్కే తరిమెన మీద కుర్చీ కాళ్లు తిప్పే పనివాళ్లని 'బాడ్జర్లు' అనేవారు. అలాంటి ఊళ్లోని ఫర్నిచర్ కార్ఖానాలు యుద్ధంలో విమాన భాగాలు చేశాయి. 1940 నవంబరులో తొలిసారి ఎగిరిన 'మస్కీటో' విమానం చాలావరకూ చెక్కే! తేలికైన బాల్సా చెక్కకి రెండువైపులా బిర్చ్ ప్లైవుడ్ అతికించి, శరీరాన్ని రెండు సగాలుగా చేసి కలిపేవారు. ఇలాంటివి 7,700కి పైగా తయారయ్యాయి. అల్యూమినియం కొరతలో వడ్రంగి చేయి అలా అక్కరకొచ్చింది.

సొరుగు అతుకు ఊడితే మళ్లీ బిగించుకోవచ్చు. విమానం రెక్కకి ఆ వీలులేదు. 1944 చివర్లో మనదేశంలో కొన్ని మస్కీటోలు గాల్లోనే విరిగి కూలాయి. మిగతావాటిని నేలమీదే ఆపేసి పరీక్షించారు. ఇక్కడి ఎండకీ తేమకీ జిగురు వదిలేసిందన్నారు కొందరు. అసలు కార్ఖానాలోనే చెక్కలు సరిగా అతకలేదన్నారు ఇంకొందరు. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం చూసే మనకు మొదటి అనుమానం వింతగా తోచదు. తొలినాళ్ల మస్కీటోల్లో వాడింది పాల నుంచి తీసే కేసీన్ జిగురు. తర్వాత రసాయన జిగురుకి మారారు.

యుద్ధం ముగిసినా 1948 దాకా ఫర్నిచర్‌కి రేషన్ తప్పలేదు. యుటిలిటీ పథకం 1952 వరకూ సాగింది. ఈలోగా కార్ఖానాలు కొత్త జిగుర్లనీ, ప్లైవుడ్ వంచడాన్నీ, ఒకే కొలతతో వేలకొద్దీ తయారు చేయడాన్నీ నేర్చేసుకున్నాయి.

1944లో హై వికోంబ్‌లోని ఎర్కోల్ సంస్థకి ప్రభుత్వం లక్ష వంటింటి కుర్చీలు పురమాయించింది. పాతకాలపు విండ్సర్ కుర్చీ నమూనానే. ఇదివరకైతే కాళ్లు అడవిలోంచి కట్టలుగా వచ్చేవి. ఈసారి యంత్రాలు తిప్పాయి.