జీను వదులైన గిటార్

వర్షాకాలం ముగిసి పూజల సందడి మొదలయ్యే రోజుల్లో కోల్‌కతాలో ఎలక్ట్రిక్ గిటార్లకు జబ్బులు బయటపడతాయి. అయిదో తీగను మీటితే స్వరం వెంటే సన్నగా 'జిర్ర్' మంటుంది. కుర్రాళ్లు ముందు యాంప్లిఫయర్‌ను అనుమానిస్తారు. ఆ తర్వాత వైరును. అదీ కాదంటే మెట్లు అరిగిపోయాయని తేల్చేస్తారు. అసలు దోషి చాలాసార్లు వాయించేవాడి అరచేతి కిందే ఉంటుంది.

తీగల బరువును మోసే బ్రిడ్జిని మన వీణ వాయించేవారు 'గుర్రం' అంటారు. సితార్ వారికి అది 'ఘోడీ'. గిటార్ బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న లోహపు ముక్క పేరు శాడిల్, అంటే జీను. ప్రపంచమంతా వాద్యకారులకు ఈ చోట గుర్రమే గుర్తుకు రావడం చిత్రమే. జీను వదులైతే రౌతు గతేమిటో చెప్పనక్కర్లేదు.

కోల్‌కతాకు గిటార్ కొత్త కాదు. కానీ ఈ బెడద పాత తరానికి అంతగా తెలియదు. హవాయి నుంచి వచ్చిన టౌ మో కుటుంబం 1940లలో ఈ నగరంలో ఉంది. ఆ తర్వాత ఒడిలో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీ జార్చి వాయించే హవాయియన్ గిటార్ బెంగాలీ మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్లిపోయింది. బటుక్ నంది, సునీల్ గంగూలీల రికార్డులు ఇంటింటా మోగాయి. ఆ గిటార్‌లో తీగను మెట్టుకు అదిమే పని లేదు. కడ్డీ ఎక్కడ ఆగాలో చెవి చెబుతుంది. కాబట్టి బ్రిడ్జిలో ఒక్కో తీగకు ఒక్కో కదిలే ముక్క అవసరం లేదు. 1975లో మొహినేర్ ఘోరాగులి, 1998లో ఫాసిల్స్ వంటి బ్యాండ్లు వచ్చి, నిలబడి వాయించే గిటార్ కాలేజీ కుర్రాళ్ల కలగా మారాక లెక్క మారింది. తొలి బ్యాండు పేరులోనూ గుర్రాలే ఉండటం కాకతాళీయం.

కదిలే శాడిల్స్‌కు 1954 ముఖ్యమైన ఏడాది. గిబ్సన్ కంపెనీ ట్యూన్-ఓ-మ్యాటిక్ బ్రిడ్జిని, లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను తెచ్చింది అప్పుడే. రెండింటిలోనూ ఆరు తీగలకు ఆరు శాడిల్స్. స్ట్రాటోకాస్టర్‌లో ఒక్కోదానికి ఎత్తు సరిచేసే స్క్రూలు రెండు, ముందుకూ వెనక్కూ జరిపేది ఒకటి. వెరసి 18 స్క్రూలు. తీగ మోగిన ప్రతిసారీ అవి వణుకుతాయి. ఇక గిబ్సన్ బ్రిడ్జికి మరో చిక్కు. తొలి రోజుల్లో తీగ తెగితే శాడిల్ ఊడి కిందపడేది. 1960ల తొలినాళ్లలో దానికి అడ్డంగా సన్నటి తీగ బిగించారు. కొన్నాళ్లకు ఆ అడ్డుతీగే జిర్రుమనడం మొదలుపెట్టింది!

కోల్‌కతాలో దీనికి ఉక్కపోత తోడవుతుంది. అరచేయి ఆనే చోట చెమట దిగి స్క్రూ తుప్పు పడుతుంది. రెండు స్క్రూలలో ఒకటి బిగుసుకుపోతే రెండోది వణుకుతూ కొద్దికొద్దిగా దిగుతుంది. శాడిల్ ఓ పక్కకు ఒరుగుతుంది. తీగ మెట్లకు దగ్గరవుతుంది.

దోషిని పట్టుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తీగను ఖాళీగా మీటి, శాడిల్ స్క్రూల మీద ఒక్కోదాని మీదా అగ్గిపుల్ల ఆనిస్తే చాలు. ఎక్కడ ఆనించినప్పుడు రొద ఆగితే అక్కడే లోపం. కొన్ని మెట్ల దగ్గరే రొద వస్తుంటే మాత్రం బ్రిడ్జిని వదిలి మెట్లను చూడాలి. దోషి దొరికాక తీగను కాస్త వదులుచేసి, రెండు స్క్రూలూ సమంగా ఆనేలా తిప్పాలి. బిగువు మీద ఉండగా తిప్పితే మరలు అరిగిపోతాయి. స్క్రూ మళ్లీ మళ్లీ దిగిపోతుంటే మరల మీద ఒక్క చుక్క రంగులేని గోళ్ల రంగు పూసి ఆరనివ్వడం పాత చిట్కా. మరలు పట్టి ఉంచే ద్రవం దుకాణాల్లో దొరుకుతుంది గానీ, తర్వాత విప్పడానికి వీలయ్యే మధ్యరకమే వాడాలి. గట్టిరకం పూస్తే ఆ స్క్రూ ఇక కదలదు.

తాళం విషయంలో తొందరపాటు పనికిరాదు. అమెరికన్ గిటార్లలో ఎక్కువగా పట్టేది 0.05 అంగుళాల అలెన్ కీ, అంటే 1.27 మిల్లీమీటర్లు. ఆసియాలో తయారైన చాలా గిటార్లకు 1.5 కావాలి. 1.27ది 1.5 రంధ్రంలో కూడా దూరుతుంది. కాస్త తిప్పగానే అంచులు గుండ్రమవుతాయి. అలా పాడైన స్క్రూలు తుప్పువల్ల పాడైనవాటికంటే తక్కువేమీ కావు.

ఎత్తు మారితే స్వరస్థానమూ చూసుకోవాలి. తీగను ఖాళీగా మీటి శ్రుతి చేశాక పన్నెండో మెట్టు దగ్గర అదిమితే సరిగ్గా పై స్థాయి పలకాలి. ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే ముందుకు జరపాలి. ఫెండర్ కొలత గిటార్‌పై ఒక మిల్లీమీటరు జరిగితే అక్కడ తేడా అర్ధస్వరంలో మూడు శాతం కంటే తక్కువే. మూడు నాలుగు మిల్లీమీటర్లయితే మాత్రం ఆ మెట్ల దగ్గర వాయించే కార్డు చెవికి గుచ్చుకుంటుంది.

ఇంత చిన్న పనికి కుర్రాళ్లు కొత్త బ్రిడ్జి కొనేస్తున్నారు. విడిభాగాన్ని తేలిగ్గా మార్చుకునే వీలు ఫెండర్ గిటార్ల గొప్పే, కాదనలేం. మరలు పూర్తిగా పోయినప్పుడు మార్చాల్సిందే. అయితే ఫోనులో బొమ్మ చూసి ఆర్డరిచ్చేవారు శాడిల్ వెడల్పు చూడరు. స్ట్రాటోకాస్టర్ తరహాలోనే 10.5 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 11.3వీ ఉన్నాయి. పెద్దవాటి చోట చిన్నవి పెడితే ఆరింటికీ కలిపి దాదాపు 5 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. వదులు వదిలించుకోవడానికి డబ్బిచ్చి మరింత వదులు కొనుక్కోవడమన్నమాట.

ఈ నగరానికి తీగ ఆనే చోటు గురించి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. సితార్ బ్రిడ్జి పైభాగాన్ని వెంట్రుకవాసి లెక్కన అరగదీసి జవారీ తీసే పనిలో ఇక్కడి చేతులకు దేశమంతా పేరు. తమాషా ఏమిటంటే, జవారీ పని రొదను పుట్టించడానికి, గిటార్ మరమ్మతు దాన్ని చంపడానికి. రెండింటికీ కావలసింది ఆ ఒక్క బిందువు దగ్గర వినగల చెవి. రవిశంకర్ సితార్ చేసిన నోదు మల్లిక్ ఆయనతో కచేరీలకు వెళ్లి, వేదికపై తంబురా పట్టుకుని కూర్చునేవారు. వాద్యాన్ని చేసినవాడికి అంతటి చోటు దక్కిన నగరమిది.

లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలో వాద్యాల దుకాణాలు వరుసగా ఉంటాయి. గిటార్ శాడిల్ సరిచేసే మనిషి అలాంటి చోట వెనకగదిలో స్టూలు మీద కూర్చుంటాడు. అతని పేరు బోర్డు మీద ఉండదు. కొత్త బ్రిడ్జి అమ్మితే దుకాణానికి లాభం. గోళ్ల రంగు చుక్కకు బిల్లు రాయడం కష్టం. చెవి పెట్టి వినే ఆ పది నిమిషాలకు ధర కట్టడానికి కుర్రాళ్లు సిద్ధపడితే తప్ప ఆ స్టూలు మీదకు రెండో మనిషి రాడు.