పెంపకానికి మార్కులు వేసేది ఎవరు?



పోయిన నెల మా అన్న బిడ్డను ఒకటో తరగతిలో చేర్పిద్దామని ఒక ప్రైవేటు బడికి తీసుకుపోయినం. మా వదిన ఆ రోజు కూలి వదులుకొని వచ్చింది. టీచరమ్మ పిల్ల ముందు ఒక బొమ్మ పెట్టింది. ఇల్లు, ముందర తోట, తోటలో ఉయ్యాల. "ఇందులో ఏమేమున్నాయో చెప్పు" అన్నది. పిల్ల బొమ్మను చూసింది, టీచరమ్మను చూసింది. "నీకు కనపడ్తలేదా?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకొని వదిన దిక్కు తిరిగింది. "ఇంట్లో పాపతో ఎవరూ మాట్లాడరామ్మా? పెంపకం మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి." వదిన తల దించుకున్నది. సీటు రాలేదు. ఇంటికొచ్చినంక పిల్లను కొట్టింది. ఆ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో రాద్దామనే ఈ వారం కూర్చున్న.

ఆ పిల్లతో ఇంట్లో ఎవరూ మాట్లాడరట! పొద్దున లేస్తే దాన్ని అడిగేవి ఇవి: నల్లా వచ్చిందా చూడు, తాత గోలి వేసుకున్నడా, ఎర్రకోడి ఎటు పోయింది, పక్కింటోళ్ళు గొడ్డలి వాపస్ ఇచ్చిన్రా. అడిగేటోళ్ళకు నిజంగానే జవాబు తెల్వదు. పిల్ల చెప్తేనే పని నడుస్తది. జవాబు చేతిలో పెట్టుకొని అడిగే ప్రశ్న మా వాడలో ఇద్దరి నోటనే వింటం: పోలీసు, పటేలు. అట్లాంటి ప్రశ్న వచ్చిందంటే ఏదో కీడున్నట్టే. నోరు మూసుకొనుడు మంచిదని మా పిల్లలకు నడక కంటే ముందే తెలుస్తది.

ఇది మన దగ్గరి కథే కాదు. షర్లీ బ్రైస్ హీత్ అనే పరిశోధకురాలు అమెరికాలోని కరోలినా ప్రాంతంలో నల్లవాళ్ళ శ్రామికవాడను, తెల్లవాళ్ళ శ్రామికవాడను ఏళ్ల తరబడి గమనించి, 1983లో 'వేస్ విత్ వర్డ్స్' అనే పుస్తకం తెచ్చింది. నల్లవాళ్ళ ఇళ్ళల్లో పెద్దలు తమకు తెలిసినదాన్ని పిల్లల్ని అడగడం చాలా అరుదు. అది దేనిలాగుంది, నీకేమనిపించింది అనే తీరులో అడుగుతరు. బడికి పోతే అక్కడ 'ఇది ఏ రంగు' అన్న ప్రశ్న. పిల్లలు మూగబోయిన్రు. టీచర్లు అడిగే తీరు మార్చుకుంటే అవే పిల్లలు నోరు విప్పిన్రు. లోపం ఎవరి దగ్గరున్నట్టు?

మన తెలుగులో 'పెంపకం' అన్న మాట కోళ్ళకూ చేపలకూ వాడతరు, దత్తతకూ వాడతరు. మన మీదికి వచ్చేసరికి మాత్రం అది తిట్టు. 'వాళ్ళ పెంపకం అంతే' అంటే చాలు, కులం పేరు ఎత్తే పనే లేదు. ఏ కేసూ కాదు.

సరే, వాళ్ళ పెంపకం సంగతేంది? బాల భీమ్‌రావు సతారా బడిలో గోనెపట్ట మీద వేరుగా కూర్చున్నడని మనం ప్రతి ఏప్రిల్ 14న చెప్పుకుంటం. ఆ పట్ట పక్కకు జరగని పిల్లల గురించి ఎవరన్నా మాట్లాడిన్రా? వాళ్ళకూ తల్లులున్నరు. వాళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, ముద్దలు కలిపి పెడుతూ, ఒక్క దెబ్బ వెయ్యకుండా నేర్పిన్రు ఆ దూరం. ఇప్పుడూ అంతే. పనమ్మాయి గ్లాసు వేరే ఉంటదని నాలుగేళ్ల పిల్లకు ఎవరూ పాఠం చెప్పరు. చూసి నేర్చుకుంటది. ఆ ఇంట్లో రాత్రిపూట కథల పుస్తకం చదువుతరు గనుక దాన్ని మంచి పెంపకం అంటరు. నేను చూసిన ఏ పేరెంటింగ్ పుస్తకంలోనూ ఈ గ్లాసు గురించి ఒక్క పేజీ లేదు.

అట్లని మన ఇండ్లు గొప్పవని పాట పాడను. మన వాళ్ళలో కొందరు ఆ పాట పాడుతున్నరు, నాకది నచ్చదు. నేను తొమ్మిదేళ్ళప్పుడు పటేలు ఇంటి ముందర సైకిల్ దిగకుండా తొక్కుకుంటూ పోయిన. మా నాయన చింతబరిగెతో కొట్టిండు. ఎందుకో చెప్పలేదు. వాళ్ళు కొట్టకముందే నాయన కొట్టిండని పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో గానీ అర్థం కాలేదు. అర్థమైంది గదా అని ఆ దెబ్బ ఒప్పయితదా? కాదు. బతకడానికి నేర్పిన భయం అది. కానీ భయమే. వదిన చేతిలో మొన్న లేచింది ఆ బరిగెనే.

1942 జూలైలో నాగపూర్ దళిత మహిళల సభలో అంబేడ్కర్ తల్లులకు చెప్పింది ఇదే. పిల్లల్ని చదివించండి, వాళ్ళలో ఆశయం నింపండి, తక్కువోళ్ళమన్న భావన తీసెయ్యండి అన్నడు. మన పిల్లల్ని బ్రాహ్మణ పిల్లల్లా పెంచమని అనలేదు. పిల్లను నమ్మి పని చెప్పే మన పద్ధతి ఉంచుకుందాం. దాని బడి మాన్పించే పని మాత్రం వద్దు. బరిగె పొయ్యిల పెడదాం.

ఇంకో మాట, ఇది విద్యార్థి మిత్రులకు. 2009 విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టొద్దు. మొదటిసారి పెడితే 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారి 50,000 దాకా జరిమానా. ఆ టీచరమ్మ చేసింది ఇదే. మీ వాడలో చదువుకున్నోళ్ళు తల్లుల వెంట బడికి పోండి, ఈ సెక్షన్ కాగితం మీద రాసుకొని పోండి. మేం వదినతో దరఖాస్తు పెట్టించినం. ఆమె సంతకం చేసింది, చెయ్యి వణికింది.

పిల్ల సర్కారు బడిలో చేరింది. మొదటి రోజు అక్కడి టీచరు "ఏ బాటన వచ్చినవు బిడ్డా?" అని అడిగిందట. ఆమెకు నిజంగానే తెల్వదు, కొత్తగా బదిలీ మీద వచ్చింది. మా పిల్ల చెప్పుడు మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపలేదట.

వచ్చే వారం హాస్టల్ వార్డెన్ల భాష గురించి రాస్త. జై భీమ్.